దూద్‌బౌలి చేప మందు: ఉబ్బస రోగి అడగవలసిన ప్రశ్నలు

మృగశిర కార్తె ప్రవేశించే జూన్ మాసంలో దేశం నలుమూలల నుండి ఉబ్బస రోగులు హైదరాబాదు చేరుకుంటారు. పాతబస్తీలోని దూద్‌బౌలికి చెందిన బత్తిని గౌడ్ కుటుంబం ఇచ్చే చేప మందు కోసమే ఈ రాక. 1845లో ఒక సాధువు తమ పూర్వీకుడు వీరన్న గౌడ్‌కు దీని తయారీని తెలిపాడని, ఉచితంగానే ఇవ్వాలని షరతు పెట్టాడని ఆ కుటుంబం చెబుతుంది. ఆ షరతును వారు నేటికీ పాటిస్తున్నారు, ఇది అభినందనీయమే. పంపిణీ తరువాతి కాలంలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది.

ఆ వరుసలో మన కుటుంబాల వారూ ఉంటారు. "మౌలానా సాబ్, చేప హలాలే కదా?" అని మా మదరసా విద్యార్థి తల్లి ఒకరు అడిగారు. చేప హలాలే, సందేహం లేదు. అయితే కొర్రమీను పిల్ల నోట ఉంచే పసుపుపచ్చని ముద్ద తయారీ రహస్యం. పైగా హేతువాదుల అభ్యంతరాల తరువాత "మందు" అన్న పేరు పోయి "ప్రసాదం" అన్న పేరు స్థిరపడింది. మందు పరీక్షకు నిలవాలి; ప్రసాదాన్ని ఎవరు పరీక్షిస్తారు? ముస్లిం రోగికైతే ఈ పేరు మరొక చిక్కు తెచ్చిపెడుతుంది.

నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోరాని వ్యాధుల జాబితా ఔషధ నిబంధనల షెడ్యూల్ జెలో ఉంది. అందులో ఎయిడ్స్, ఉబ్బసం రెండూ ఉన్నాయి. ఎయిడ్స్ తొలినాళ్ళలో అమెరికా రోగులు అనుమతి లేని మందులను మెక్సికో నుండి తెచ్చుకునేవారు. 1987 వరకు ఆమోదం పొందిన మందు ఒక్కటీ లేదు మరి! 1988 అక్టోబరులో వారు ఔషధ నియంత్రణ సంస్థ ఎదుట ధర్నా చేసి కోరినది పరీక్షల రద్దును కాదు, వాటి వేగాన్ని. ఉబ్బస రోగికి ఆ నిస్సహాయత లేదు. పరీక్షించిన మందు వీధి చివరి దుకాణంలోనే దొరుకుతుంది.

చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. వైద్యం ఎరుగకనే వైద్యం చేసేవాడు జరిగిన హానికి బాధ్యుడని కూడా తెలిపారు. "ఇన్‌హేలర్ మానెయ్యి" అని తేలికగా సలహా ఇచ్చే ఇరుగుపొరుగువారు ఈ రెండవ మాటను గుర్తుంచుకోవాలి.

ఆ తల్లి భయమూ అదే: ఇన్‌హేలర్ అలవాటుగా మారుతుందేమోనని. మారదమ్మా, అన్నాము. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక మోతాదు మైక్రోగ్రాములలోనే ఉంటుంది. డాక్టరు చెప్పనిదే ఆపరాదు. పిల్లలకు స్పేసర్ తగిలించి ఇవ్వాలి, స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే పీల్చిన వెంటనే నోరు పుక్కిలింపజేయాలి.