వేడి నిలువని బట్టల యంత్రము

బట్టలారబెట్టు విద్యుద్యంత్రము మొదట వేడెక్కి, కొంతసేపటికి చల్లబడుచున్నచో, వేడినిచ్చు తీగచుట్ట చెడినదని తొందరపడరాదు. అది తెగినచో యంత్రము మొదటినుండియు వేడెక్కదు. దోషము తఱచుగా గాలిదారిలో నుండును. బట్టలనుండి రాలిన నూగు జల్లెడను, వెలుపలి గొట్టమును మూసివేయగా తడిగాలి బయటికి పోజాలదు. లోపల వేడి మితిమీరును. అంతట ఉష్ణనియంత్రకము తీగచుట్టకు విద్యుత్తు నాపి, చల్లారిన పిదప మరల కలుపును. ఇట్లు పలుమారులు జరుగుటచే బట్టలు ఎంతసేపటికిని ఆరవు.

గొట్టమును విప్పి కొంచెముసేపు నడిపినపుడు వేడి నిలిచినచో దోషము గొట్టములోనిదే. విప్పుట ప్లగ్గు తీసిన తరువాతనే సుమా! జల్లెడను ప్రతి వాడుకకును దులుపవలెను.

పెక్కు యంత్రములలో అతివేడికి తెగిపోవు ఫ్యూజు ఒకటి కలదు. దానిని తొలగించి తీగను నేరుగా కలిపెడి మరమ్మతుదారులును కలరు. వారిని వారింపవలెను, నూగు దూదివలె క్షణములో అంటుకొనును.