ఇరుసును వదిలిన చక్రం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. యుద్ధకాలపు విల్లీస్ జీపు ఒకటి, ముందు ఎడమ చక్రం గాల్లో ఉండేలా జాకీ మీద నిలబడి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది. ముందు చక్రాలకు ఇంజను శక్తిని కలిపే లివరు విడిపించి ఉంది. మేస్త్రీ బండి కిందికి దూరి, ముందు ఇరుసుకు శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దముక్కతో ఒక గీత గీశాడు. "చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పండి సార్, నిదానంగా" అన్నాడు.

తిప్పాను. చక్రం ఒక చుట్టు పూర్తయ్యేసరికి కింద సుద్దగీత దాదాపు రెండున్నర చుట్లు తిరిగింది. లోపల ఎక్కడో పళ్లు పళ్లతో రాసుకునే సన్నటి చప్పుడు చేతికి తెలుస్తూనే ఉంది. ఇంజనుతో సంబంధం తెంచేశాం కదా, మరి ఇదంతా ఎందుకు తిరుగుతోంది?

ముందు ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి పెట్టెలో 39 పళ్ల క్రౌన్ వీలు, దానితో కలిసి తిరిగే 8 పళ్ల పినియన్ ఉంటాయి. క్రౌన్ ఒకసారి తిరిగితే పినియన్, దానికి తగిలించిన ప్రొపెల్లర్ షాఫ్టు 4.88 సార్లు తిరుగుతాయి. మా పరీక్షలో రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఆ లెక్కను సగం చేసింది. రోడ్డు మీద రెండు చక్రాలూ తిరిగేటప్పుడు ఆ సగం తగ్గింపు ఉండదు. ఈ జీపు టైరు అడ్డుకొలత సుమారు 72 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే చక్రం నిమిషానికి 440 చుట్లు తిరుగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు 2,100 చుట్లకు పైనే తిరుగుతుంది. ఏ పనీ చేయకుండా.

ఇక్కడ తిప్పేది ఇంజను కాదు, రోడ్డు. రోడ్డు చక్రాన్ని, చక్రం తనను ఆ పెట్టెకు కలిపే హాఫ్ షాఫ్టును, అది క్రౌన్‌ను, క్రౌన్ పినియన్‌ను తిప్పుతాయి. శక్తి ప్రయాణం తిరగబడిందన్నమాట. గేరాయిల్‌ను చిలకడానికి, సీళ్ల రాపిడికి, బేరింగుల రాపిడికి అయ్యే శక్తిని బండిని నెట్టే వెనక చక్రాలే భరించాలి. సైకిలుతో పోల్చుకోండి. దిగుడులో తొక్కడం ఆపి కూర్చున్నా సైకిలు హాయిగా పోతుంది, ఫ్రీవీల్ ఉంది కాబట్టి. ఫ్రీవీల్ లేని సైకిలెక్కి దిగుడులో పోయినవాళ్లకు తెలుసు, పెడళ్లు పిక్కల్ని ఎలా కొడతాయో. పాత మిలిటరీ జీపు, ట్రక్కు ముందు ఇరుసు ఆ ఫ్రీవీల్ లేని సైకిలే.

మరి ముందు చక్రాలకు శక్తిని ఎప్పుడూ కలిపే ఉంచితే పోలేదా? గట్టి రోడ్డు మీద అది కుదరదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా పెద్ద వలయంలో నడుస్తాయి. ఈ జీపు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు, అంటే 2.03 మీటర్లు. వెనక ఇరుసు 8 మీటర్ల వ్యాసార్ధంతో ఒక పూర్తి చుట్టు తిరిగితే, ముందు ఇరుసు అదే చుట్టులో సుమారు 1.6 మీటర్లు ఎక్కువ దూరం నడవాలి. కానీ ఇంజను శక్తిని ముందుకూ వెనక్కీ పంచే గేరు పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక షాఫ్టులు రెండింటినీ ఒకే వేగానికి కట్టేసింది. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారలేదు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిగా పేరుకుంటుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, టైర్లు అరుగుతాయి, ఏదో ఒక జాయింటు పోతుంది. అందుకే రోడ్డెక్కగానే లివరు విడిపించాలి. విడిపించాక ముందు ఇరుసు పైన చెప్పినట్టు ఉత్తినే తిరుగుతూ ఉంటుంది.

సైన్యానికి ఇది లోపంగా కనబడలేదు, కనబడాల్సిన పనీ లేదు. బురదలో దిగబడినవాడు కూర్చున్నచోటి నుంచే లివరు లాగి బయటపడాలి. కాల్పుల మధ్య కిందికి దిగి రెండు చక్రాల దగ్గరా మరలు తిప్పమని ఏ సైనికుడికీ చెప్పలేరు. ఎప్పుడూ సిద్ధంగా ఉండటమే ఆ ఇరుసు పని. విల్లీస్, ఫోర్డ్ కలిసి యుద్ధకాలంలో ఇలాంటి జీపులు ఆరు లక్షలకు పైగా చేశాయి. ఆరు చక్రాల జీఎంసీ రెండున్నర టన్నుల ట్రక్కులు మరో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. 1944 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఫ్రాన్స్‌లో రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ పేరుతో పగలూ రాత్రీ సరుకులు మోసినవి ఆ ట్రక్కులే. వాటిని నడిపినవాళ్లలో అధికులు నల్లజాతి సైనికులు. వాళ్ల దారిలో ఎక్కువ భాగం మామూలు రోడ్డే. అన్ని వేల మైళ్లూ ఆ ముందు ఇరుసులు పనిలేకుండా తిరిగినవే.

యుద్ధం అయిపోయాక ఈ బండ్లు రైతులకు, వేటగాళ్లకు, కలప మోసేవాళ్లకు చవగ్గా దొరికాయి. వాళ్లకు వారంలో ఆరు రోజులు రోడ్డు, ఒక రోజు బురద. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో 1948లో ఆర్థర్ వార్న్, సేడీ వార్న్ దంపతులు మొదలుపెట్టిన సంస్థ సైన్యం వదిలేసిన జీపుల కోసం ముందు చక్రాల్ని ఇరుసు నుంచి విడదీసే లాకింగ్ హబ్బులు చేసి అమ్మింది. ఆ కుటుంబం పేరు ఇప్పటికీ హబ్బుల మీద కనిపిస్తుంది.

అయితే చక్రాన్ని ఇరుసు నుంచి విడదీస్తే బండి కూలబడదా? నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇక్కడే ఉంది. ఎడ్లబండిని తలచుకోండి. దాని ఇరుసు తిరగదు. ఇరుసు మీద చక్రం కుండ తిరుగుతుంది, జారిపోకుండా చివర కడచీల ఉంటుంది. బరువంతా ఇరుసు మోస్తుంది, తిరగడం చక్రం పని. జీపు ముందు చక్రం కూడా లోపల అచ్చంగా ఎడ్లబండి చక్రమే. చక్రం దగ్గర స్పిండిల్ అనే బోలు గొట్టం ఉంటుంది. అది తిరగదు. దాని మీద రెండు బేరింగులు, బేరింగుల మీద హబ్బు, హబ్బుకు చక్రం. బండి బరువు బేరింగుల మీదుగా ఈ గొట్టం మీద పడుతుంది. ఆ గొట్టం బోలులోంచి హాఫ్ షాఫ్టు బయటికి వస్తుంది. దానికి బరువు మోసే పని లేదు, తిప్పే పని ఒక్కటే. ఇంజనీర్లు దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు అంటారు, షాఫ్టు బరువు తగలకుండా తేలుతూ ఉంటుందని.

షాఫ్టుకూ హబ్బుకూ లంకె వేసేది చివర ఉండే ఒక ఇనుప పళ్లెం. దీన్ని డ్రైవ్ ఫ్లాంజి అంటారు. మధ్యలో గాడులున్న రంధ్రం షాఫ్టు గాడుల మీద కూర్చుంటుంది, అంచు ఆరు బోల్టులతో హబ్బుకు బిగుస్తుంది. ఈ పళ్లెం ఒక్కటీ తీసేస్తే చక్రం ఎడ్లబండి చక్రమైపోతుంది. బండి నిలబడుతుంది, నడుస్తుంది, స్టీరింగ్ తిరుగుతుంది. ముందు ఇరుసును గీసిన ఇంజనీర్లు ఈ తలుపును తీసి పెట్టి వెళ్లారు. లాకింగ్ హబ్బు ఆ తలుపుకు గడియ పెట్టింది.

మేస్త్రీ ఆ గడియను నా చేతిలో పెట్టాడు. గుప్పెటకు కాస్త పెద్దది, బరువుగా ఉంది. లోపల రెండు భాగాలు. నడిమి రింగుకు లోపలి వైపు గాడులు, అది షాఫ్టును పట్టుకుంటుంది. బయటి డొల్ల ఆరు బోల్టులతో చక్రం హబ్బును పట్టుకుంటుంది. రెండింటి మధ్య పళ్లున్న ఒక జారుడు రింగు. మూత మీది మరను తిప్పితే ఆ రింగు లోపలికి జరిగి రెండింటినీ కలిపేస్తుంది, వెనక్కి తిప్పితే రింగు వెనక్కి వచ్చి రెండూ విడిపోతాయి. కొన్ని పాత మారుతి జిప్సీల ముందు చక్రం మధ్యలో 'లాక్', 'ఫ్రీ' అని రాసిన గుండ్రటి మర మీరు చూసే ఉంటారు. అదే ఇది.

బిగింపు గంట పని. ముందు మూత తీసి, షాఫ్టు చివర సర్‌క్లిప్ ఊడదీసి, ఆరు బోల్టులు విప్పి పాత పళ్లేన్ని బయటికి లాగుతారు. ఆ వెనకే బేరింగు నట్లు కనబడతాయి. రెండు నట్లు, మధ్యలో వంచిన లాక్ వాషరు. పెద్ద స్పానరు ఒకటి జీపు సరంజామాలోనే వచ్చేది, ఈ నట్ల కోసమే. ఎటూ విప్పారు కాబట్టి బేరింగుల గ్రీజు మార్చి, నట్టును చక్రం ఊగకుండా, పట్టేయకుండా సరిచేయాలి. తర్వాత ప్యాకింగ్, డొల్ల, సర్‌క్లిప్, మూత. హబ్బు లోపల బేరింగు గ్రీజును ముద్దలుగా కూరకూడదు. రింగు దానిలో అతుక్కుపోయి కదలదు. పలచగా పూస్తే చాలు.

మేస్త్రీ బోల్టుల దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఆరు రంధ్రాల్ని కాటన్ వేస్టుతో తుడిచి, హబ్బు ముఖం మీద వేలితో రాసి చూసుకున్నాడు. కారణం ఉంది. చక్రానికి వెళ్లే మెలి బలాన్ని మోసేది బోల్టుల కాండాలు కావు. బిగించిన రెండు ముఖాల మధ్య రాపిడి ఆ బలాన్ని మోస్తుంది. బోల్టు పని ముఖాల్ని గట్టిగా అదిమి ఉంచడమే. మధ్యలో మట్టి ఉన్నా, పాత ప్యాకింగ్ ముక్క ఉన్నా బిగువు సడలుతుంది. అప్పుడు ముందుకూ వెనక్కీ కొట్టుకుని బోల్టులు ఊగి, రంధ్రాలు కోలగా అరుగుతాయి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించమని ఆయన రెండుసార్లు చెప్పాడు.

బిగించాక మర 'ఫ్రీ'లో పెట్టి చక్రాన్ని మళ్లీ తిప్పాను. కదిపి వదిలితే చాలాసేపు తిరిగింది. కింద సుద్దగీత ఉన్నచోటే ఉంది.

పెట్రోలు మిగులుతుందా అని అందరూ మొదట అడుగుతారు. మిగులుతుంది, కానీ అది చెప్పుకోదగ్గ లాభమని నేననుకోను. అసలు లాభం అరుగుదలలో ఉంది. జాయింట్లు, క్రౌన్, పినియన్, సీళ్లు, ముందు షాఫ్టు క్రాసులు రోడ్డు మీద అరగవు. డెబ్బై, ఎనభై ఏళ్ల నాటి బండికి ఆ భాగాలు దొరకడమే కష్టం కనుక ఇదే పెద్ద లాభం. రొద, వణుకు కూడా తగ్గుతాయి. ముఖ్యంగా వంగిన పాత షాఫ్టులున్న బండ్లలో.

పెద్ద ట్రక్కుల్లో ఇది ఇంకా అవసరం. అమెరికా సైన్యం 1950 ప్రాంతం నుంచి దశాబ్దాల పాటు వాడిన ఎం35 అనే ఆరు చక్రాల ట్రక్కు ఇరుసు నిష్పత్తి 6.72. టైరు మీటరు అడ్డుకొలత ఉంటుంది కాబట్టి 60 కిలోమీటర్ల వేగంలో దాని ముందు షాఫ్టు కూడా నిమిషానికి 2,100 చుట్ల దగ్గరే తిరుగుతుంది, కానీ తిరిగేది ఎన్నో రెట్లు బరువైన ఇనుము. తొలి మోడళ్లలో ముందు ఇరుసును కలపడానికి డ్రైవరుకు లివరు లేదు. ట్రాన్స్‌ఫర్ కేసులో స్ప్రాగ్ అనే ఒకవైపే పట్టుకునే క్లచ్ ఉంటుంది. వెనక చక్రాలు జారగానే అది ముందు ఇరుసును తనంతట తానే పట్టుకుంటుంది. తెలివైన ఏర్పాటే. కానీ ముందూ వెనకా టైర్ల అరుగుదలలో తేడా ఉంటే పొడి రోడ్డు మీద కూడా పట్టేస్తుంది. రివర్స్ గేరులో వేరేగా పట్టుకోవడానికి ఒక లింకు ఉంది, అది సర్దుబాటు తప్పితే ముందుకు పట్టే భాగం, వెనక్కి పట్టే భాగం ఒకదానితో ఒకటి కలబడతాయి. ముందు చక్రాలకు లాకింగ్ హబ్బులు పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ రోడ్డు మీద ఉండదు.

హబ్బులు పెట్టాక మరో వెసులుబాటు దొరుకుతుంది. విల్లీస్ జీపులో తక్కువ వేగపు గేరు వేయాలంటే ముందు ఇరుసు కలిపి ఉండాల్సిందే. ట్రాన్స్‌ఫర్ కేసులో ఆ అడ్డు కావాలనే పెట్టారు. మొదటి గేరు 2.67, తక్కువ గేరు 1.97, ఇరుసు 4.88 గుణించుకుంటే ఇంజను మెలి 25 రెట్లకు పైగా పెరుగుతుంది. అదంతా వెనక ఇరుసు ఒక్కదాని మీదే పడకూడదని ఆ జాగ్రత్త. హబ్బులు 'ఫ్రీ'లో ఉంటే లివర్లన్నీ కలిపినా ముందు చక్రాలకు శక్తి చేరదు కాబట్టి గట్టి నేల మీద మెలి లేకుండా నత్తనడక నడపొచ్చు. ట్రైలరును వెనక్కి పెట్టడానికి అది బాగా పనికొస్తుంది. అలాగని బరువు లాగితే, ఆ అడ్డు ఎందుకు పెట్టారో వెనక ఇరుసే చెబుతుంది.

పొరపాట్లు కూడా ఇక్కడినుంచే వస్తాయి. లివరు కలిపాం కదా అని ధైర్యంగా బురదలోకి దిగుతారు, హబ్బులు ఫ్రీలో ఉంటాయి. నడిబురదలో మోకాళ్ల మీద కూర్చుని మట్టిలో మరను వెతుక్కోవాలి. ఒక పక్క లాక్ చేసి రెండో పక్క మరిచిపోతే ఇంకా చిత్రం. డిఫరెన్షియల్ ఎప్పుడూ తేలిక దారికే శక్తిని పంపుతుంది కనుక, ఫ్రీగా ఉన్న పక్క షాఫ్టు ఉత్తినే గిర్రున తిరుగుతుంది, లాక్ చేసిన చక్రం కదలదు. జారుడు దిగుడులో కూడా జాగ్రత్త కావాలి. నాలుగు చక్రాలూ కలిసి ఉంటే ఇంజను బ్రేకు నాలుగింటికీ పంచుకుంటుంది, హబ్బులు విడిపిస్తే వెనక రెండింటికే. ఈ జీపుల హ్యాండ్‌బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది, అది కూడా అప్పుడు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. కొండ ఎక్కబోయే ముందే, పొడి నేల మీదే, రెండు మరలూ తిప్పుకోవాలి.

నెలకోసారి హబ్బులు లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు నడపాలని కూడా మేస్త్రీ చెప్పాడు. నెలల తరబడి షాఫ్టు కదలకపోతే నూనె కిందికి దిగిపోయి పైనున్న పళ్లు, జాయింట్లు ఎండిపోతాయి, తుప్పు పడతాయి. మట్టిదారి మీద తిన్నగా నడిపితే మెలి బాధ ఉండదు.

పని అయ్యాక ఆయన పాత డ్రైవ్ ఫ్లాంజిలు రెండూ డీజిల్‌తో కడిగి, గ్రీజు రాసి, పాత బనియన్ గుడ్డలో చుట్టి డ్రైవరు సీటు కింద పెట్టాడు. అడవిలో బలం ఎక్కువై ఏదైనా విరిగితే చాలాసార్లు ముందు విరిగేది హబ్బే. జాయింటును, షాఫ్టును కాపాడుతూ ఫ్యూజులా అదే పోతుంది. అప్పుడు ఆరు బోల్టులు విప్పి ఈ పళ్లెం బిగించుకుంటే ఇంటికి రావచ్చు. గుడ్డ ముడి గట్టిగా ఉందో లేదో ఇంకోసారి చూసి, స్పానరు కూడా దాని పక్కనే పెట్టాడు.