చెవిన పడే కథాపాఠం
బరంపురం హల్దియాపదర్‌లో మా వంటింట్లో పొద్దున్నే ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్ మోగుతుంది. తెలుగు కథలు వినిపిస్తారు, రచయితలతో మాట్లాడిస్తారు. కథను ఎక్కడ ఎత్తుకోవాలో, ఏది చెప్పకుండా వదిలేయాలో వింటుంటేనే పట్టుబడుతుంది. 2007లో మొదలైన న్యూయార్కర్ పత్రిక ‘ఫిక్షన్’ పాడ్‌కాస్ట్ పద్ధతి నాకు మరీ ఇష్టం: ఒక రచయిత వేరొకరి కథను ఎంచుకుని చదువుతారు, ఆపైన సంపాదకురాలు డెబొరా ట్రైస్‌మన్‌తో కలిసి దాన్ని విప్పి చూస్తారు.

వింటే చాలదు, ఆపి రాయాలి. మా బజారులో ఒడియా కలిసిన తెలుగులో సాగే చేపల బేరం రాశాను. రాసినదాన్ని చదివి ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను. అమ్మే ఆవిడ మరీ పుస్తకంలా మాట్లాడుతోంది! ఆ మాటలన్నీ కొట్టేశాను. విన్న రచయితల పాత కథలు వెతకాలంటే, కాళీపట్నం రామారావుగారు 1997లో స్థాపించిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’ శ్రీకాకుళంలోనే ఉంది.