ఒక రోజు రేసు, ఏడు నెలల సీజన్: హైదరాబాద్‌లో ఫార్ములా ఈ

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 విషయ పరిచయం
1.2 ఓపెన్ వీల్ రేసింగ్, ఫార్ములా ఈ
1.3 సీజన్ నిర్మాణం, పాయింట్ల లెక్క
1.4 కారులో శక్తి పొదుపు
1.5 హైదరాబాద్ రేసు
1.6 రెండో ఏడాది ఏమైంది?
1.7 నగరం వైపు నుంచి లెక్క
1.8 సారాంశం
1.9 ముఖ్య పదాలు
1.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• ఓపెన్ వీల్ రేసింగ్ అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• ఒక సీజన్‌లో విజేతను పాయింట్ల ద్వారా ఎలా నిర్ణయిస్తారో ఉదాహరణతో వివరించగలుగుతారు.
• విద్యుత్ రేసు కారులో శక్తిని తిరిగి రాబట్టే పద్ధతిని చెప్పగలుగుతారు.
• ఒక నగరం అంతర్జాతీయ రేసుకు ఆతిథ్యం ఇచ్చేటప్పుడు ఎదురయ్యే ఆర్థిక, పాలనాపరమైన ప్రశ్నలను చర్చించగలుగుతారు.

1.1 విషయ పరిచయం

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు జరిగింది. భారతదేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ రేసు అదే. మరుసటి ఏడాది ఫిబ్రవరి 10న అక్కడే రెండో రేసు జరగవలసి ఉంది. జరగలేదు.

ఆ ఒక్క రోజును చాలామంది టీవీలో చూశారు, పత్రికల్లో చదివారు. అయితే ఆ రేసు విడిగా నిలబడే పోటీ కాదు. జనవరిలో మెక్సికో సిటీలో మొదలై జూలైలో లండన్‌లో ముగిసిన పదహారు రేసుల వరసలో అది నాలుగోది. రేసును ఒక్క రోజులో గెలవవచ్చు. సీజన్‌ను మాత్రం నెలల తరబడి నిలబెట్టుకోవాలి. ఈ మాట డ్రైవరుకు ఎంత వర్తిస్తుందో, ఆతిథ్యం ఇచ్చే నగరానికీ అంతే వర్తిస్తుంది. ఈ పాఠంలో ఆ రెండు కోణాలనూ పరిశీలిద్దాం.

1.2 ఓపెన్ వీల్ రేసింగ్, ఫార్ములా ఈ

మనం రోడ్డు మీద చూసే కారు చక్రాలు బాడీ లోపల, మడ్‌గార్డుల కింద ఉంటాయి. అలా కాకుండా చక్రాలు బాడీకి వెలుపల, పూర్తిగా బయటికి కనిపించేటట్లు అమర్చిన కారును ఓపెన్ వీల్ కారు అంటారు. ఇందులో సాధారణంగా ఒక్కరికే చోటు ఉంటుంది. ఫార్ములా వన్, అమెరికాలో జరిగే ఇండీకార్, ఫార్ములా ఈ ఈ కోవకు చెందినవి. 'ఫార్ములా' అంటే ఇక్కడ సూత్రం అని కాదు, పోటీలో పాల్గొనే కార్లన్నీ పాటించవలసిన నిబంధనల సముదాయం అని అర్థం.

ఫార్ములా ఈ కార్లు పూర్తిగా విద్యుత్తుతో నడుస్తాయి. మొదటి రేసు 2014 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగింది. 2020-21 సీజన్ నుంచి అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్ఐఏ) దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా ఇచ్చింది. ఈ రేసుల్లో ఎక్కువ భాగం నగర వీధుల్లోనే జరుగుతాయి. పెట్రోలు పొగ, ఇంజన్ హోరు లేకపోవడం వల్ల ఊరి నడిమధ్య నిర్వహించడం సులభం.

భారతీయులకు ఇందులో భాగం ఉంది. మహీంద్రా రేసింగ్ మొదటి సీజన్ నుంచీ బరిలో ఉన్న జట్టు. జాగ్వార్ బ్రిటిష్ పేరే అయినా దాని యాజమాన్యం టాటా గ్రూపుది.

1.3 సీజన్ నిర్మాణం, పాయింట్ల లెక్క

2023లో ముగిసిన తొమ్మిదో సీజన్‌లో 11 జట్లు, జట్టుకు ఇద్దరు చొప్పున 22 మంది డ్రైవర్లు పోటీపడ్డారు. ప్రతి రేసులో మొదటి పది స్థానాలకు వరసగా 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1 పాయింట్లు ఇస్తారు. అర్హత పోటీలో ప్రథముడికి, అంటే పోల్ పొజిషన్ సాధించినవాడికి, అదనంగా 3 పాయింట్లు వస్తాయి. మొదటి పది మందిలో ఉండి అత్యంత వేగవంతమైన ల్యాప్ నమోదు చేసినవాడికి 1 పాయింటు.

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవారికి ఈ లెక్క కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక్క రోజు బాగా ఎండ కాసి ఉప్పు పేరినంత మాత్రాన ఆ ఏడు గట్టెక్కినట్లు కాదు. అకాల వర్షానికి ఒక వారం పోయినంత మాత్రాన ఏడంతా మునిగినట్లూ కాదు. మడి కట్టిన నాటి నుంచి వానలు పడేదాకా మొత్తం ఎంత తీశారన్నదే లెక్క. రేసింగ్ సీజన్ కూడా అంతే.

ఆ ఏడాది విజయాల పట్టిక చూడండి.

• మిచ్ ఇవాన్స్ (జాగ్వార్): 4 విజయాలు, 197 పాయింట్లు, మూడో స్థానం
• నిక్ కాసిడీ (ఎన్విజన్): 4 విజయాలు, 199 పాయింట్లు, రెండో స్థానం
• పాస్కల్ వెర్లీన్ (పోర్షే): 3 విజయాలు, నాలుగో స్థానం
• జేక్ డెన్నిస్ (ఆండ్రెట్టి): 2 విజయాలు, 229 పాయింట్లు, చాంపియన్

నాలుగేసి రేసులు గెలిచిన ఇద్దరినీ రెండే గెలిచిన డెన్నిస్ దాటిపోయాడు. కారణం స్పష్టమే. గెలవని రోజుల్లో కూడా అతను తరచుగా రెండో, మూడో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానానికీ రెండో స్థానానికీ తేడా 7 పాయింట్లే. కారు దెబ్బతిని రేసు మధ్యలో ఆగిపోతే మాత్రం పోయేది 25.

హైదరాబాద్‌లో డెన్నిస్‌కు ఒక్క పాయింటూ రాలేదన్నది గమనించండి. ఒక చెడ్డ రోజును తట్టుకునేంత నిలకడ మిగతా సీజన్‌లో చూపించాడు కాబట్టి లండన్‌లో కిరీటం దక్కింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
హైదరాబాద్‌లో పోల్ పొజిషన్ సాధించిన ఇవాన్స్‌కు 3 పాయింట్లు వచ్చాయి కాని, రేసు పూర్తి చేయలేకపోయాడు. అతడు ఆ రేసు గెలిచి ఉంటే, మిగతావారి పాయింట్లు మారవనుకుంటే, చివరి పట్టికలో ఏ స్థానంలో ఉండేవాడు?
(జవాబు: 197 + 25 = 222. డెన్నిస్ 229 కన్నా తక్కువే. కాని కాసిడీని దాటి రెండో స్థానానికి వచ్చేవాడు.)

1.4 కారులో శక్తి పొదుపు

ఫార్ములా ఈ రేసులో వేగంగా నడపడం ఒక నైపుణ్యం, ఉన్న శక్తితో గమ్యం చేరడం మరొకటి. రేసు మధ్యలో బ్యాటరీ మార్చరు. అందరికీ వాడుకోవడానికి సమానమైన శక్తినే కేటాయిస్తారు. మొదట్లోనే ఎక్కువ ఖర్చు చేసినవాడు చివరి ల్యాపుల్లో వెనకబడతాడు.

బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని తిరిగి రాబట్టడం ఇందులో కీలకం. దీన్ని అర్థం చేసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. హౌరా–చెన్నై మార్గంలో నౌపడ జంక్షన్ మీదుగా వెళ్లే రైళ్లను లాగే కొత్త తరం విద్యుత్ ఇంజన్లను గమనించండి. వేగం తగ్గించేటప్పుడు వాటి మోటార్లు జనరేటర్లుగా మారి విద్యుత్తును పై తీగలోకి తిరిగి పంపుతాయి. మామూలు బ్రేకులో రాపిడి వల్ల వేడిగా వృథా అయ్యే శక్తిలో కొంత ఇలా మిగులుతుంది. రేసు కారులో పై తీగ ఉండదు కనుక ఆ విద్యుత్తు బ్యాటరీలోకి చేరుతుంది.

తొమ్మిదో సీజన్‌లో ప్రవేశపెట్టిన మూడో తరం కారు ముందు చక్రాల వైపు 250, వెనక చక్రాల వైపు 350, మొత్తం 600 కిలోవాట్ల మేరకు ఇలా శక్తిని రాబట్టగలదు. రేసులో వాడే శక్తిలో కనీసం 40 శాతం ఈ దారిలోనే వస్తుందని రూపకర్తలు చెప్పారు. రేసులో కారు గరిష్ఠ సామర్థ్యం 300 కిలోవాట్లు. డ్రైవరు ట్రాక్ మీద గుర్తు వేసిన ప్రత్యేక భాగం మీదుగా వెళితే కొద్ది నిమిషాలపాటు అది 350కి పెరుగుతుంది. దీన్ని అటాక్ మోడ్ అంటారు. అలా వెళ్లడానికి దగ్గరి దారి విడిచి కాస్త చుట్టూ తిరగాలి. అంటే ముందు కొంత సమయం పోగొట్టుకుంటేనే తరవాత లాభం.

1.5 హైదరాబాద్ రేసు

హైదరాబాద్ వీధి సర్క్యూట్ పొడవు 2.835 కిలోమీటర్లు, మలుపులు 18. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, అప్పటికి ఇంకా ప్రారంభం కాని కొత్త సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ పరిసరాల రోడ్లనే రేసు ట్రాక్‌గా మలిచారు. అంతకుముందు 2022 చివరలో ఇండియన్ రేసింగ్ లీగ్ పోటీలను ఈ రోడ్ల మీదే నిర్వహించారు.

ఇవాన్స్ మొదటి స్థానం నుంచి బయలుదేరాడు. కొద్ది ల్యాపుల తరవాత ఒక ఇరుకైన మలుపు దగ్గర అతని సొంత జట్టు సహచరుడు శామ్ బర్డ్ కారు వచ్చి ఢీకొట్టింది. రెండు జాగ్వార్ కార్లూ రేసు నుంచి వైదొలగాయి. ఒకే జట్టువారు ఇద్దరూ ఒకే దెబ్బకు పోవడం ఆ రోజు చూసినవారు మరిచిపోలేని సంఘటన.

చివరి ల్యాపుల్లో డీఎస్ పెన్స్కీ జట్టు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు. వెనకే నిక్ కాసిడీ. మిగిలిన శక్తి వెర్న్ దగ్గరే తక్కువ. అయినా ఎక్కడ దారి ఇవ్వకూడదో, ఎక్కడ పొదుపు చేయాలో తెలిసిన అనుభవంతో అర సెకను కన్నా తక్కువ తేడాతో గెలిచాడు. మనం 1.4లో చెప్పుకున్న విషయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

మూడోవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బ్యుమి అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడినట్లు తేలడంతో అతనికి సమయం జరిమానా పడింది. మూడో స్థానం పోర్షే డ్రైవరు ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది. శక్తి లెక్క తప్పితే కష్టపడి సాధించిన స్థానం కూడా నిలవదని దీనివల్ల తెలుస్తుంది. మహీంద్రా డ్రైవరు ఒలివర్ రోలండ్ ఆరో స్థానంలో నిలిచాడు.

1.6 రెండో ఏడాది ఏమైంది?

2024 సీజన్ పట్టికలో హైదరాబాద్ పేరు ఉంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది. 2024 జనవరి మొదటి వారంలో ఫార్ములా ఈ సంస్థ రేసును రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. ఆతిథ్య ఒప్పందాన్ని రాష్ట్ర పురపాలక శాఖ ఉల్లంఘించిందన్నది ఆ సంస్థ వాదన. తొలి ఒప్పందం మేరకు జరిగిన చెల్లింపులే నిబంధనలకు విరుద్ధమన్న ఆరోపణ ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. అందులో నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం కనుక ఆ చర్చలోకి మనం వెళ్లడం లేదు.

సీజన్ మీద దాని ప్రభావం మాత్రం చెప్పుకోవాలి. ఖాళీ అయిన తేదీని మరో నగరంతో నింపలేదు. జనవరి 27న సౌదీ అరేబియాలోని దిరియాలో రేసు ముగిశాక మార్చి 16న సావ్ పాలో వరకు పోటీయే లేదు. ఒక నగరం తప్పుకుంటే ఏడు వారాల విరామం ఏర్పడింది.

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన అనుభవం కాదు. తొమ్మిదో సీజన్‌లో కొత్తగా చేరిన నాలుగు నగరాల్లో సావ్ పాలో, పోర్ట్‌లాండ్ 2024లోనూ కొనసాగాయి. హైదరాబాద్, కేప్ టౌన్ కొనసాగలేదు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ రేసులు కూడా 2011, 2012, 2013 సంవత్సరాల్లో జరిగి ఆగిపోయాయి. అక్కడ పన్నుల వివాదం ప్రధాన కారణాల్లో ఒకటి. రేసును రప్పించడం కన్నా నిలుపుకోవడమే కష్టమని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

1.7 నగరం వైపు నుంచి లెక్క

వీధి రేసుకు స్టేడియం కట్టనక్కరలేదు. కాని రోడ్లు మళ్లీ వేయాలి, ఇరువైపులా కాంక్రీటు గోడలు, ఇనుప వలలు నిలపాలి, ప్రేక్షకుల గ్యాలరీలు కట్టాలి, రోజుల తరబడి ట్రాఫిక్ మళ్లించాలి. ఇవన్నీ ఒక్క రేసు కోసమే చేస్తే ఖర్చు మొత్తం ఆ ఒక్క రోజు మీదే పడుతుంది. నాలుగేళ్లు జరిగితే అదే ఖర్చు నాలుగు భాగాలవుతుంది. అందుచేత ఒక్కసారి జరిగి ఆగిపోయిన రేసు నగరానికి అన్నిటికన్నా ఖరీదైన రేసు.

లాభం మాటేమిటి? 2023 రేసు వల్ల నగరానికి దాదాపు 8.4 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రయోజనం కలిగిందని నిర్వాహకులు చెప్పారు. ఇటువంటి అంకెను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అంచనా వేయించింది ఎవరు? టీవీ ప్రచారం విలువను కూడా అందులో కలిపారా? ఆ సొమ్ములో స్థానికులకు చేరింది ఎంత? జవాబులు తెలియకుండా అంకెను నమ్మడమూ సరికాదు, కొట్టిపారేయడమూ సరికాదు.

ఉద్దానంలో కిడ్నీ వ్యాధినీ, మంచినీటి కోసం పడిన పాట్లనూ దగ్గరగా చూసిన విద్యార్థికి ఒక సందేహం రావడం సహజం: కార్ల పందేనికి ప్రజల సొమ్మెందుకు? హైదరాబాద్ ఖజానా వేరు, మన రాష్ట్రం వేరు. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు రేసు మంచిదా చెడ్డదా అని తేల్చడం కాదు. ఎంత ఖర్చయింది, ఎవరి అనుమతితో అయింది, ఎన్నేళ్ల హామీ ఉంది అన్న మూడు సంగతులు సంతకం చేయడానికి ముందే ప్రజలకు తెలియాలి. అవి తెలిస్తే ప్రభుత్వం మారినా ఒప్పందం నిలబడే అవకాశం ఎక్కువ. తెలియకపోతే ఆటకూ నష్టం, ప్రజలకూ నష్టం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
మీ మండలంలో జరిగే కబడ్డీ లేదా వాలీబాల్ టోర్నమెంటు నిర్వాహకులను కలిసి, ఖర్చు, చందాలు, బహుమతుల వివరాలు రాసుకోండి. ఆ టోర్నమెంటు ఎన్నేళ్లుగా ఆగకుండా జరుగుతున్నదో, ఆగిపోతే ఎందుకు ఆగిందో పది వాక్యాల్లో రాయండి.

1.8 సారాంశం

ఓపెన్ వీల్ రేసింగ్‌లో ఒక రేసు విజయం కన్నా సీజన్ అంతటా చూపే నిలకడకు విలువ ఎక్కువ. రెండు విజయాలతోనే డెన్నిస్ 2023 చాంపియన్ కావడం ఇందుకు నిదర్శనం. విద్యుత్ కారులో బ్రేకు వేసినప్పుడు శక్తిని తిరిగి రాబట్టడం, దాన్ని చివరిదాకా పొదుపుగా వాడడం గెలుపును నిర్ణయిస్తాయి. హైదరాబాద్ రేసు పోటీగా సఫలమైంది, కాని సీజన్‌లో స్థానం నిలుపుకోలేకపోయింది. ఒప్పందం, ఖర్చు, అనుమతి పారదర్శకంగా ఉన్నప్పుడే నగరం అటువంటి పోటీకి దీర్ఘకాలం ఆతిథ్యం ఇవ్వగలదు.

1.9 ముఖ్య పదాలు

ఓపెన్ వీల్ కారు: చక్రాలు బాడీకి వెలుపల ఉండే రేసు కారు.
పోల్ పొజిషన్: అర్హత పోటీలో ప్రథమ స్థానం పొంది రేసులో అందరికన్నా ముందు నుంచి బయలుదేరే చోటు.
అటాక్ మోడ్: కొద్ది సమయం అదనపు పవర్ వాడుకునే వెసులుబాటు.
ఆతిథ్య ఒప్పందం: రేసు నిర్వహణకు నగరానికీ రేసు సంస్థకూ మధ్య కుదిరే ఒడంబడిక.

1.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. సీజన్ చాంపియన్‌ను నిర్ణయించే పద్ధతిని 2023 ఫార్ములా ఈ సీజన్ ఆధారంగా వివరించండి.
2. ఒక్కసారి జరిగి ఆగిపోయిన రేసు నగరానికి ఖరీదైనదని ఎందుకు అంటారు? చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు 10 వాక్యాల్లో జవాబులు రాయండి.
1. బ్రేకు వేసేటప్పుడు శక్తిని తిరిగి రాబట్టే పద్ధతిని రైలు ఇంజన్, రేసు కారు ఉదాహరణలతో తెలపండి.
2. హైదరాబాద్ రేసులో బ్యుమి మూడో స్థానం కోల్పోవడానికి కారణం ఏమిటి?
3. 2024 సీజన్ పట్టిక మీద హైదరాబాద్ రేసు రద్దు ప్రభావం ఏమిటి?