హైదరాబాద్: ఐదు రోజుల యుద్ధం, మూడున్నరేళ్ల పాలనా నిర్మాణం

కటవారియా సరాయ్ (న్యూఢిల్లీ): దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చేరువలో, నగరంలో కలిసిపోయిన ఈ పాత గ్రామం పోటీ పరీక్షల విద్యార్థుల ఆవాసంగా పేరుపడింది. తెలుగు జిల్లాల యువకులు కూడా ఇక్కడి అద్దె గదుల్లో ఏళ్ల తరబడి ఉండి చదువుకుంటుంటారు. పరాయి సైన్యం ప్రవేశించి పాత ప్రభుత్వాన్ని కూల్చిన తరువాత కొత్త ప్రభుత్వాన్ని నిలబెట్టడం ఎలా అన్న ప్రశ్న ఎదురైతే, విద్యార్థులకు తడుముకోకుండా తోచే ఉదాహరణలు జపాన్, ఇరాక్, అఫ్ఘానిస్తాన్. తెలంగాణ నుంచి వచ్చినవారి సొంత ఊళ్లలో తాతల కాలంలోనే ఇదే ప్రశ్న తలెత్తిన సంగతి మాత్రం ఒక్క వాక్యంతో ముగిసిపోతుంటుంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు, హైదరాబాద్ విలీనమైంది. ఆ 17వ తేదీ తరువాత జరిగినదే అసలు కథ.

హైదరాబాద్‌ది విదేశీ జోక్యమేనా అన్న విషయంపై ఆనాడే వాదం నడిచింది. ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. తమది స్వతంత్ర రాజ్యమని, పొరుగు దేశం దండెత్తే ముప్పు ఉందని దాని వాదన. ఇది పూర్తిగా తన ఆంతరంగిక వ్యవహారమని భారత ప్రభుత్వం ప్రకటించి, సైనిక దళాలు జరిపిన చర్యకు ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టింది. లొంగుబాటు తరువాత నిజాం స్వయంగా ఆ ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు. న్యాయపరమైన ఈ వివాదం ఎలా ఉన్నా, పాలనాపరంగా ఎదురైన సమస్య మాత్రం ఒక దేశానికి ఎదురయ్యే సమస్యే. సుమారు 82 వేల చదరపు మైళ్ల విస్తీర్ణం, కోటీ అరవై లక్షలకు పైగా జనాభా, సొంత సైన్యం, సొంత రైల్వే, సొంత తపాలా, హాలీ సిక్కా అనే సొంత నాణెం, ఉర్దూలో నడిచే కచేరీలు కలిగిన రాజ్యం అది. మంత్రివర్గం ఒక్కరోజులో రాజీనామా చేసింది. మర్నాడు ఉదయం తహసీలు కచేరీ తలుపులు తెరిచేదెవరు?

ఫర్మానా నిజాముది, అధికారం సైన్యానిది

మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరుగా బాధ్యతలు స్వీకరించాడు. బొంబాయికి చెందిన ఐసీఎస్ అధికారి డి.ఎస్. బఖ్లే ప్రధాన పౌర పాలనాధికారి అయ్యాడు. ఇక్కడ ఢిల్లీ చూపిన చాతుర్యం గమనార్హం. నిజాంను గద్దె దించలేదు. రాజ్యపాలనకు సంబంధించిన సమస్తాధికారాలను మిలిటరీ గవర్నరుకు అప్పగిస్తున్నట్లు ఆయన చేతనే ఫర్మానా జారీ చేయించారు. ఫలితంగా చౌధురి వెలువరించిన ప్రతి శాసనమూ చట్టరీత్యా నిజాం శాసనమే అయింది. జపాన్‌లో 1945 తరువాత మెకార్థర్ చక్రవర్తిని సింహాసనంపైనే ఉంచి, ఆయన మంత్రిత్వ శాఖల ద్వారానే సంస్కరణలు అమలు జరిపిన పద్ధతికి ఇది దగ్గరగా ఉంది.

ఈ పద్ధతి వల్ల ఒక మేలు జరిగిందనడంలో సందేహం లేదు. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వెలువడింది. రాజ్యంలోని భూమిలో సుమారు 30 శాతం జాగీర్ల కింద, మరో 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేవి. ఆ ఏడాదే సర్ఫ్-ఎ-ఖాస్ కూడా ప్రభుత్వ భూమిలో కలిసింది. తరతరాలుగా సొంత కచేరీలు, సొంత సిబ్బందిని నడిపిన జాగీర్దారులు పరిహారం తీసుకుని పక్కకు తప్పుకున్నారు. శాసనసభ లేదు, చర్చ లేదు, ఓటు లేదు. ఎన్నికైన ప్రభుత్వం ఇంత వేగంగా ఈ పని చేయగలిగేదా అన్నది అనుమానమే. 1950 నాటి కౌలుదారీ చట్టం కూడా ఇదే కాలానిది. అయితే దీని వెనుక సైన్యాధికారుల ఔదార్యం కంటే నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టుల నాయకత్వాన సాగుతున్న సాయుధ పోరాటపు ఒత్తిడే ఎక్కువని చెప్పక తప్పదు. భూమి పంచుకున్న రైతుపై తుపాకీ, జాగీరు రద్దు చేసే కలం ఒకే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఆ పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు.

నిజాం విషయంలో చూపిన ఉదారత సామాన్య ముస్లిములకు దక్కలేదు. సైనిక చర్య సాగుతుండగా, ఆ తరువాత, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ప్రతీకార హత్యలు, లూటీలు జరిగాయి. అంతకుముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలు అందరికీ విదితమే. వాటి మూల్యాన్ని వాటితో సంబంధం లేనివారు చెల్లించారు. కేంద్ర ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 1948 చివర్లో జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది చదవడానికి లభిస్తున్నదన్న వార్త 2013లో వచ్చేసరికి ఆ తరం వారిలో అత్యధికులు గతించారు. కాగా నిజాంకు ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం, 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ పదవి లభించాయి.

ఖాళీ అయిన కుర్చీలు

ఇక ఉద్యోగాల సంగతి. లొంగుబాటు తరువాత నిజాం సైన్యం రద్దుకావడంతో సిపాయిలు వీధిన పడ్డారు. పౌర శాఖల్లోనూ అనేకమంది ఉద్యోగులను తొలగించారు; కొందరు తామే వలసపోయారు. ఆ స్థానాల్లోకి మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులను రప్పించారు. పాలన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నుంచి నడిపిన ఉర్దూ మాధ్యమాన్ని వదులుకుంది. రాత్రికి రాత్రి భాష మారితే నష్టపోయేది కేవలం ముస్లిం గుమాస్తా కాదు. ఉర్దూలో చదివిన వరంగల్ రెడ్డి కుర్రవాడు, కరీంనగర్ బ్రాహ్మణ కుర్రవాడు కూడా ఇంగ్లీషులో అర్జీ రాయగల కోస్తా యువకుని ముందు నిరక్షరాస్యుడి కిందే లెక్క. నిజాం పోతే ఉద్యోగాలు తమవవుతాయని ఆశించినవారికి కొత్త దొరలు రైలు దిగుతూ కనిపించారు.

స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధన 1919 నుంచి అమలులో ఉంది. పదిహేనేళ్ల నివాసం ఉంటేనే ముల్కీ. తప్పుడు ధ్రువపత్రాలతో స్థానికేతరులు చొరబడుతున్నారన్న ఆరోపణలు ఊరూరా వినిపించాయి. వినవలసిన ప్రజా ప్రతినిధులు లేరు. హైదరాబాద్‌కు ప్రత్యేకంగా రాజ్యాంగ సభ ఏర్పాటు చేయాలన్న తొలి ఆలోచన అటకెక్కింది. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానాతోనే భారత రాజ్యాంగం అంగీకృతమైంది. సైనిక పాలన ముగిశాక వచ్చిన ముఖ్యమంత్రి ఎం.కె. వెల్లోడి కూడా ఎన్నికైనవాడు కాదు, ఐసీఎస్ అధికారి. 1952 ఎన్నికల్లో 175 స్థానాలకు 93 గెలిచిన కాంగ్రెస్ మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు నాయకత్వాన ప్రభుత్వాన్ని ఏర్పరచింది. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరిట పోటీచేసి 42 స్థానాలు దక్కించుకోవడం మూడున్నరేళ్ల పాలనపై జనం చెప్పిన తీర్పులో ఒక భాగం. మరో భాగం ఆరు నెలలైనా తిరగకుండానే వీధుల్లో వినిపించింది. వరంగల్‌లో మొదలైన ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ ఆందోళన సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పులకు దారితీసింది. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు.

ఇరాక్‌లో అమెరికా చేసినదానితో పోల్చితే హైదరాబాద్ అనుభవం మెరుగైనదే. 2003 మేలో పాల్ బ్రెమర్ వారం రోజుల తేడాతో రెండు ఉత్తర్వులు వెలువరించి బాత్ పార్టీలో పై శ్రేణుల వారిని ఉద్యోగాల నుంచి వెళ్లగొట్టాడు, సుమారు నాలుగు లక్షల బలగం గల సైన్యాన్ని రద్దు చేశాడు. ఆయుధం చేతబట్టడం తెలిసి, జీతం లేని ఆ మనుషుల్లో పలువురు తిరుగుబాటు దళాల్లో చేరారు. అఫ్ఘానిస్తాన్‌లో ఇరవై ఏళ్ల పాటు విదేశీ ధనంతో నిలబెట్టిన ప్రభుత్వం 2021 ఆగస్టు 15న కాబూల్‌లో ఒక్క పూటలో కుప్పకూలింది. 2015లో భారతదేశం కట్టించి ఇచ్చిన పార్లమెంటు భవనంలో సభ్యులు లేకుండాపోయారు. హైదరాబాద్‌లో అలా జరగలేదు. చుట్టూ ఉన్న దేశమే దానిని తనలో కలుపుకొంది. ఓటు ఆలస్యంగానైనా వచ్చింది.

కాని ఖాళీ కుర్చీలను ఎవరితో నింపారన్న తగాదా మాత్రం పాలకులు మారినా తెగలేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో అది ఒక షరతు అయింది. 1969లో తెలంగాణ ఉద్యమమయింది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. దానిని చల్లార్చడానికి 1973లో రాజ్యాంగాన్ని సవరించి 371-డి అధికరణం చేర్చవలసి వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయిన తరువాత కూడా స్థానికులెవరో, ఏ కొలువుకు ఎవరు అర్హులో రెండు రాష్ట్రాల్లోనూ ఆ అధికరణం కిందనే తేల్చుకుంటున్నారు.