ప్రాథమిక బడి మార్చాలా? ఇందిరాపురం తల్లిదండ్రులు చూడవలసిన నియమాలు

ఢిల్లీని ఆనుకొని ఉన్నప్పటికీ ఇందిరాపురం ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో భాగం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మూడో, నాలుగో తరగతి పిల్లల విషయంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇప్పుడే సరిహద్దు దాటించి ఢిల్లీ బడిలో చేర్పిస్తే ముందుముందు ఉన్నత తరగతులకు మేలు జరుగుతుందా? దీనికి సమాధానం బడి పేరులో లేదు. ఏ తరగతి ఎక్కడ చదివారన్నది ఏ నియమం లెక్కలోకి తీసుకుంటుందో తెలుసుకోవడంలోనే ఉంది.

12వ తరగతే కీలకం

ఢిల్లీ సాంకేతిక విశ్వవిద్యాలయం, నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయాల బీటెక్ సీట్లలో 85 శాతం ఢిల్లీ ప్రాంత అభ్యర్థులకు కేటాయిస్తారు. ఇందుకు 12వ తరగతిని ఢిల్లీలోని గుర్తింపు పొందిన పాఠశాల నుంచి ఉత్తీర్ణులై ఉండాలి. ఇందిరాపురంలో 12వ తరగతి పూర్తిచేసిన విద్యార్థి మిగిలిన సీట్లకే పోటీపడాలి. అయితే ఈ ప్రయోజనం కోసం మూడో తరగతిలోనే బడి మార్చనవసరం లేదు. 11వ తరగతిలో ఢిల్లీ పాఠశాలలో సీటు దొరికితే చాలు.

మారడానికి అనువైన దశలు

సీబీఎస్ఈ 9, 10 తరగతులను ఒక కోర్సుగా, 11, 12 తరగతులను మరొక కోర్సుగా పరిగణిస్తుంది. ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప నేరుగా 10 లేదా 12వ తరగతిలో చేర్చుకోరు. కాబట్టి మారదలచినవారు 9 లేదా 11వ తరగతి ఆరంభాన్ని ఎంచుకోవాలి. కేంద్రీయ విద్యాలయాల్లో 2 నుంచి 8వ తరగతి వరకు ఖాళీలను ప్రాధాన్య వర్గాల ఆధారంగా, 9వ తరగతి ఖాళీలను ప్రవేశ పరీక్ష ద్వారా భర్తీ చేస్తారు.

తొందరపాటు నష్టం కలిగించే సందర్భాలూ ఉన్నాయి. జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతికి పరీక్ష రాసే విద్యార్థి నివాసం, ఐదో తరగతి చదువు ఒకే జిల్లాలో ఉండాలి. ఇంటిని ఇందిరాపురంలోనే ఉంచి పిల్లవాడిని ఢిల్లీ బడికి పంపితే ఈ అర్హత పోతుంది.

విద్యాహక్కు చట్టం కింద 25 శాతం కోటాలో ప్రైవేటు బడిలో చేరిన పిల్లలకు ఎనిమిదో తరగతి వరకు ఉచిత విద్య లభిస్తుంది. కానీ ఆ సీటు వదులుకొని మరో అన్‌ఎయిడెడ్ ప్రైవేటు బడికి బదిలీ కోరే హక్కును 2009 నాటి ఆ చట్టంలోని 5వ సెక్షన్ ఇవ్వదు.

ప్రాథమిక తరగతులే లెక్కకు వచ్చే చోటు

స్వరాష్ట్రానికి తిరిగి వెళ్లే ఆలోచన ఉన్న తెలంగాణ కుటుంబాలకు లెక్క వేరు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు సాగిన చదువును బట్టి నిర్ణయిస్తారు. ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు స్థానిక ప్రాంతంలో చదివి ఉండాలి. ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులవే. అంటే నాలుగో తరగతి ఆరంభానికల్లా తిరిగి వెళ్లినవారికే ఆ నాలుగేళ్లు పూర్తవుతాయి. ఈ లెక్కలో ఇందిరాపురం బడి, ఢిల్లీ బడి రెండూ ఒక్కటే.

ఇప్పుడే మార్చడం సమంజసమా?

ప్రస్తుత బడి ఐదో తరగతితోనే ముగుస్తున్నా, పిల్లవాడు తరగతికి తగినట్లు చదవలేక, లెక్కలు చేయలేక వెనుకబడుతున్నా, బడికి వెళ్లడానికే భయపడుతున్నా మార్పును వాయిదా వేయడం మంచిది కాదు. ఇంటి భాష నిలవాలన్నది కూడా సరైన కారణమే. ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువు కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ నేటికీ అక్కడ పాఠశాలలు నడుపుతోంది.

ఇటువంటి కారణమేదీ లేనప్పుడు, రోజూ సరిహద్దు దాటే ప్రయాణానికి పట్టే సమయం చిన్నపిల్లల నిద్ర, ఆట, చదువుల నుంచే తగ్గుతుంది. అందువల్ల నిర్ణయానికి ముందు తల్లిదండ్రులు మూడు విషయాలు తేల్చుకోవాలి. ప్రస్తుత బడి ఏ తరగతి వరకు ఉంది? 12వ తరగతి ఏ రాష్ట్రంలో పూర్తిచేయించాలనుకుంటున్నారు? స్వరాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉంటే, అది ఏ తరగతిలోగా? వీటికి స్పష్టమైన జవాబులు దొరికితే, బడి మార్చాలా వద్దా అన్నదే కాక, ఎప్పుడు మార్చాలన్నదీ తెలుస్తుంది.