తాతగారి మోటారు - మనుమరాలి పాఠం

సంక్రాంతి వెళ్ళిన వారంలో హచ్చొళ్ళిలో మా బంధువుల ఇంటికి వెళ్ళాను. హచ్చొళ్ళి బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని ఊరు. తుంగభద్ర నీరు వచ్చిన తరువాత వరి పొలాలకు పేరు పడ్డ తాలూకా అది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. సిరుగుప్ప, బళ్లారి మొదలైనవి మైసూరు రాష్ట్రంలో చేరాయి. పటం మీద గీత గీశారు గాని, మన వియ్యాలూ కయ్యాలూ ఆ గీతను లెక్కచేయలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు - మన పిల్లలకు ఈ మూడూ పుట్టుకతో వచ్చిన బరువులే.

నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, తాతగారి చేలో మోటారు మళ్ళీ కాలిపోయింది. ఒకే పంటలో ఇది రెండోసారి. రెండోది, బళ్లారిలో ఇంజనీరింగు చదువుతున్న మనుమరాలు విద్యుత్ వలయాల పేపరు తప్పింది. తక్కిన సబ్జెక్టులన్నీ గట్టెక్కింది. "ఇది అచ్చిరాని చదువేమో, మాన్పించి బి.కాం.లో చేర్పిద్దామా అనుకుంటున్నాం" అన్నాడు తండ్రి. పిల్ల తల వంచుకుని కూర్చుంది. తాతగారు మాత్రం, "మోటారు కాలితే చుట్టిస్తాం గాని బావి పూడుస్తామా?" అన్నారు.

కొంతకాలం ఆ పాఠమే పిల్లలకు చెప్పినవాణ్ణి గనుక, పుస్తకం తెమ్మన్నాను. నియమాలన్నీ ఇంగ్లీషులో తడుముకోకుండా ఒప్పజెప్పింది. "అవన్నీ నీ మాటల్లో మీ తాతకు చెప్పమ్మా" అన్నాను. నోరు పెగలలేదు. ఎక్కడ చిక్కుపడిందో నాకు అర్థమైంది. పిల్ల చదవలేదని కాదు, చదివినది ఇంకా ఇంటికి రాలేదు.

మరునాటి ఉదయం ముగ్గురం చేనికి బయలుదేరాం. కాలువ గట్టు మీద నిలబడి, "నీరు ఎందుకు పారుతుంది పాపా?" అని అడిగాను. "నీరు పల్లమెరుగు" అని తాతగారే అందుకున్నారు. అంతే! కరెంటూ పల్లమే ఎరుగుతుంది. ఆ ఎత్తుపల్లాల తేడాయే వోల్టేజి. పారే నీటి లెక్క కరెంటు. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాము. కాలువలో తుంగ, పూడిక అడ్డుపడినట్లు తీగలో అడ్డుపడేది నిరోధం. దాని కొలత ఓము. వాలు పెరిగితే పారుదల పెరుగుతుంది, అడ్డు పెరిగితే తగ్గుతుంది. వోల్టేజిని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. ఓము నియమం ఇంతే.

ఈ ఓము ఎవరో మహాసంస్థానంలో విద్వాంసుడు కాడు. జర్మనీలో కొలోన్ నగరంలో బడిపంతులు. 1827లో తన పుస్తకం వేస్తే స్వదేశంలో ఆదరణ దొరకలేదు, ఉద్యోగమూ వదులుకున్నాడు. 1841లో లండను రాయల్ సొసైటీ వారు కోప్లీ పతకం ఇచ్చేదాకా ఆయన విలువ లోకానికి పూర్తిగా తెలియలేదు. ఇవాళ ప్రతి ఎలక్ట్రిక్ దుకాణంలోనూ ఆయన పేరు వినబడుతున్నది. ఒక పేపరు తప్పిన పిల్లకు ఈ కథ చెప్పడంలో నా ఉద్దేశం పాఠకులు గ్రహించే ఉంటారు.

కొంచెం ముందుకు పోగా కాలువ రెండు పిల్ల కాలువలుగా చీలిన చోటు వచ్చింది. వచ్చిన నీరెంతో, రెండింటా పోయిన నీరు కలిపి అంతే. అక్కడ కొత్తగా నీరు పుట్టదు, ఉన్నది మాయం కాదు. తీగలు కలిసే చోటా ఇదే న్యాయం. ఇది కిర్కాఫ్ మొదటి నియమం. రెండోదానికి బళ్లారి కోటగుట్టను తలచుకొమ్మన్నాను. ఏ దారిన ఎక్కినా, ఏ దారిన దిగినా, బయలుదేరిన చోటికే తిరిగి వస్తే ఎక్కిన ఎత్తంతా దిగిన ఎత్తుకు సమానం. వలయం చుట్టూ తిరిగి వస్తే వోల్టేజీల పెరుగుదలా తరుగుదలా సరిపోవలసిందే. గుస్తావ్ కిర్కాఫ్ ఈ రెండు నియమాలనూ 1845లో ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 21 ఏళ్ళు, ఇంకా విద్యార్థే!

"మరి లెక్క చేస్తే జవాబుకు ముందు మైనసు వస్తుంది. అది చూడగానే తప్పు చేశాననుకుని కొట్టేస్తాను" అన్నది పిల్ల. తాతగారు నవ్వి, "మీ నాన్న నాకు ఇవ్వాలని లెక్క రాసుకుంటాం. చివరికి నేనే ఇవ్వాలని తేలితే లెక్క తప్పా?" అన్నారు. నేను ఇన్నేళ్ళు బోధించినా ఇంతకంటె బాగా చెప్పలేదు. కరెంటు ఇటు పారుతున్నదని ముందు ఊహించుకుని మొదలుపెడతాము. మైనసు వస్తే అది అటు పారుతున్నదని అర్థం. జవాబు నిక్షేపంగా సరియైనదే.

చేను చేరాం. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడో దూరాన ఉన్నది. అక్కడి నుంచి వచ్చే తీగకు తాతగారి మోటారే చివరిది. దారిలో ఎందరి మోటార్లో ఉన్నాయి. పిల్ల చేతికి పాత క్యాలెండరు కాగితం ఇచ్చి ఒక చిన్న లెక్క చేయించాను. లెక్క సులువుగా ఉండేందుకు మోటార్లు తీసి హీటర్లు పెట్టుకున్నాం.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 240 వోల్టులు. పోయే తీగ, వచ్చే తీగ కలిపి నిరోధం 2 ఓములు. చివర 22 ఓముల హీటరు ఒకటి. మొత్తం 24 ఓములు గనుక కరెంటు 10 ఆంపియర్లు. తీగలోనే 20 వోల్టులు ఖర్చయి, హీటరుకు చేరేవి 220. ఇప్పుడు పక్క చేనివాడు అట్లాంటిదే ఇంకొకటి పెట్టాడు. రెండూ సమాంతరంగా కలిస్తే 11 ఓములే. కరెంటు సుమారు 18.5 ఆంపియర్లకు పెరిగింది, చివరికి చేరినవి 203 వోల్టులు. మూడోవాడూ పెడితే కరెంటు 25.7 ఆంపియర్లు, చివర మిగిలేవి 189 వోల్టులు. తీగ వేడెక్కడంలో వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొదట 200 వాట్లు, ముగ్గురు చేరేసరికి 1,300 దాటింది. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ తప్పు చేయలేదు. అయినా చివరివాడికి నష్టం. కాలువ చివరి భూముల సంగతి తెలిసిన మన రైతుకు ఇది వేరే చెప్పాలా?

పిల్ల కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. "అయితే ఈ ట్రాన్స్‌ఫార్మరూ తీగలూ అన్నీ కలిపి మన చేను కొస నుంచి చూస్తే, 240 వోల్టుల బ్యాటరీ ఒకటి, 2 ఓముల నిరోధం ఒకటి. అంతేనా?" అన్నది. అంతే! దానికే తెవెనిన్ సిద్ధాంతమని పేరు. పరీక్షలో ఆమె తప్పిన ప్రశ్న అదే. లియాన్ తెవెనిన్ ఫ్రాన్సులో తంతి శాఖ ఇంజనీరు. 1883లో దీన్ని ప్రకటించాడు. అంతకు ముప్ఫయ్యేళ్ళ ముందు, 1853లో, జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఇదే మాట చెప్పి ఉన్నాడు గాని, పేరు మాత్రం తెవెనిన్‌కు దక్కింది. ఎంత పెద్ద చిక్కుముడి వలయమైనా సరే, అందులో మూలాలూ నిరోధాలూ మాత్రమే ఉంటే, రెండు కొసల నుంచి చూసేవాడికి అది ఒక మూలం, ఒక నిరోధం మాత్రమే. ఏ భారమూ పెట్టకుండా వోల్టేజి కొలువు, తెలిసిన భారం ఒకటి పెట్టి మళ్ళీ కొలువు. రెండూ దొరుకుతాయి.

"అదంతా హీటరు సంగతి. నా మోటారు ఎందుకు కాలె?" అన్నారు తాతగారు. న్యాయమైన ప్రశ్న. హీటరుకు వోల్టేజి తగ్గితే అది లాగే కరెంటూ తగ్గి, వేడి తగ్గి ఊరుకుంటుంది. మోటారు అట్లా ఊరుకోదు. ఎత్తవలసిన నీరు ఎత్తవలసిందే గనుక, వోల్టేజి తగ్గితే ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు లాగితే తీగలో ఇంకా వోల్టేజి పడిపోతుంది, మోటారు ఇంకా లాగుతుంది. చుట్టలో వేడి కరెంటు వర్గంగా పెరిగి, చివరకు పూత మాడి వైండింగు కాలిపోతుంది. మూడు ఫేజులలో ఒకటి పోయినా ఇంతే. మిగిలిన రెండు తీగల మీద ఆ భారమంతా పడుతుంది.

ఇక్కడే ఆ పాఠంలోని రెండో సగం అక్కరకు వస్తుంది. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 మార్లు ఊగిసలాడే కరెంటు. మోటారులో వోల్టేజీ, కరెంటూ ఒకే అడుగు వేయవు; కరెంటు వెనుకబడుతుంది. ఒక కాడికి కట్టిన రెండెద్దులు అడుగు కలపకపోతే బలమంతా బండికి చేరదు కదా. అడుగు తప్పిన ఈ లెక్కలను మామూలు గణితంతో చేయబోతే తల తిరుగుతుంది. జర్మనీలో పుట్టి అమెరికా చేరిన స్టైన్‌మెట్జ్ 1893లో వీటిని సంకీర్ణ సంఖ్యలతో చేసే దారి చూపించాడు. కుర్రవాళ్ళు వృథా గణితమనుకుని విసుక్కునేది దీన్నే. మోటారు దగ్గర తగిన కెపాసిటరు బిగిస్తే, అడుగు తప్పించే ఆ కరెంటు అక్కడికక్కడే దొరుకుతుంది. దూరపు తీగ మోయవలసిన కరెంటు తగ్గుతుంది, చివర వోల్టేజి కొంత లేస్తుంది.

అంతకంటె మంచి మందు ట్రాన్స్‌ఫార్మరును చేలకు దగ్గరగా తేవడం. అదే శక్తిని అదే తీగ మీద 415 వోల్టులకు బదులు 11,000 వోల్టులతో పంపితే కరెంటు 26 వంతులకు పైగా తగ్గుతుంది, వృథా సుమారు 700 వంతులు తగ్గుతుంది. తుంగభద్ర ఆనకట్ట దగ్గరా హంపి దగ్గరా రెండు పవర్ హౌసులున్నాయి. ఒక్కొక్కటి 36 మెగావాట్లు. రెండు రాష్ట్రాలూ ఆ కరెంటు పంచుకుంటున్నాయి. అట్లాంటి చోట్ల పుట్టిన కరెంటు అంత దూరం ఎక్కువ వోల్టేజితో ప్రయాణం చేసేది ఇందుకే. చివరి మైలులోనే మన రైతు మోటారు కాలుతున్నది.

పూర్వం ఈ చదువు కోసం మన సీమ పిల్లలు చాలా దూరం పోవలసి వచ్చేది. దత్తమండలాలకోసం పెట్టిన ఇంజనీరింగు కళాశాల 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురం చేరింది. బళ్లారికి ఇంజనీరింగు కళాశాల 1980లో వచ్చింది. ఇక 2012లో అమెరికాలో ఎం.ఐ.టి. వారు లోకమంతటికీ ఉచితంగా ఇంటర్నెట్ మీద ఒక కోర్సు తెరిచారు. వారు ఎంచుకున్న మొదటి పాఠం ఈ వలయాలదే! చెప్పిన వారిలో ముఖ్యులు మంగళూరులో పెరిగి మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన అనంత్ అగర్వాల్. లక్షా యాభై వేలకు పైగా పేర్లు నమోదు చేసుకుంటే నెగ్గినవారు ఏడువేల పైచిలుకు. మంగోలియాలోని పదిహేనేళ్ళ కుర్రవాడొకడు పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. పాఠం కష్టమే, కాని ఊరి దూరం చూసి మనుష్యులను ఎంచుకునే పాఠం కాదు.

భాష మాట కూడా చెప్పాలి. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు, కన్నడం మొదలైన కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధించడానికి అనుమతి ఇచ్చింది. పరీక్ష ఇంగ్లీషులోనే రాసినా నష్టం లేదు. అర్థం కావలసింది మాత్రం పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలోనే. కాలేజీ చేయలేని ఈ పని ఇంట్లో జరుగుతుంది. తల్లిదండ్రులకు ఓము నియమం తెలియనక్కరలేదు. "ఇవాళ ఏం చెప్పారు, నాకూ చెప్పు" అని అడిగి, పిల్ల తడబడ్డ చోట "అక్కడ నాకు తెలియలేదు, మళ్ళీ చెప్పు" అంటే చాలు. తాతగారు చేసింది అంతే.

ఆ సాయంత్రం తండ్రి బి.కాం. మాట మళ్ళీ ఎత్తలేదు. ఈసారి పరీక్ష రాయనిచ్చి తరువాత చూద్దామన్నాడు. పిల్ల మాత్రం ఇంకొక పని చేసింది. ఆ తీగ మీదున్న మోటార్లన్నీ లెక్కపెట్టి, మీటరుతో పొద్దునా సాయంత్రమూ చివరి వోల్టేజి కొలిచి రాసుకుని, దగ్గరలో ట్రాన్స్‌ఫార్మరు కావాలని రైతులందరి చేతా సంతకాలు పెట్టించే అర్జీకి ఆ అంకెలు జతపరచింది. అర్జీ కన్నడంలో రాసింది. లెక్క తాతగారికి తెలుగులో చదివి వినిపించింది. రెండు చోట్ల ఆయన ఆపి అడిగారు. రెండు చోట్లా ఆమె తడుముకోలేదు.

ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడు వస్తుందో చెప్పలేను. పరీక్ష మాత్రం మేలో ఉన్నది.